అన్నీ గురువారమే

మా బరిండల్‌లో ఏది కావాలన్నా గురువారం దాకా ఓపిక పట్టాలి. డాక్టరు వచ్చేది గురువారం. బ్యాంకు వ్యాను పార్కు పక్కన ఆగేది గురువారం. చెవి మిషన్లు సరిచేసే అమ్మాయి, ముసలాళ్ళ కాలిగోళ్ళు తీసే అతను, అయిదు ఊళ్ళ చర్చిలు ఒక్కడే చూసుకునే ఫాదర్ కెల్లహర్, అందరూ గురువారమే. ఆరు వారాలకోసారి డ్రైవింగు పరీక్ష పెట్టే అధికారి దిగేదీ గురువారమే. మిగతా ఆరు రోజులూ మేం ఒకరి మొహాలొకరం చూసుకుంటూ, ఈసారి ఎవరి వంతో అనుకుంటూ గడుపుతాం. పదకొండు వందల మంది ఉన్న ఊళ్ళో సగం మందికి పైగా పింఛనుదార్లే. ఒకప్పటి ప్రసూతి వార్డులో ఇప్పుడు మోకాళ్ళకి వ్యాయామం చేయిస్తున్నారు. చిన్నపిల్లల బట్టల కొట్టులో బ్యాటరీ కుర్చీలు అమ్ముతున్నారు. బళ్ళో మొత్తం పంతొమ్మిది మంది పిల్లలు. అందులో పదకొండు మంది మాంసం ఫ్యాక్టరీలో పనికొచ్చిన ఫిలిప్పీన్స్ వాళ్ళ పిల్లలు. వాళ్ళే రాకపోయి ఉంటే ఆ బడికి ఎప్పుడో తాళం పడేది.

అలాంటి ఊళ్ళో మా ఆయన ప్రాణస్నేహితుడు మెర్వ్ కాస్లిన్ శనివారం నాడు పోయాడు. అంత్యక్రియలు గురువారం పది గంటలకన్నారు. నా డ్రైవింగు పరీక్ష అదే గురువారం పదిన్నరకి.

నవ్వొస్తోందా? నాకు రాలేదు.

నా పేరు ఊనా పాస్కో. ఆ గురువారం దాటిన రెండో రోజుకి, అంటే శనివారానికి, నాకు ఎనభై అయిదు నిండుతాయి. నిండిన రోజునే నా లైసెన్సుకి నూకలు చెల్లుతాయి. అది బతకాలంటే పక్కన అధికారిని కూర్చోబెట్టుకుని బండి నడిపి చూపించాలి. పదకొండో ఏట గోధుమ చేలో మా నాన్న లారీ తోలినదాన్ని. ఉన్ని కత్తిరించే షెడ్లలో వంటమనిషిగా, వంటసామాన్ల బండి వేసుకుని నలభై ఏళ్ళు ఎర్రమట్టి దారులన్నీ తిరిగినదాన్ని. నాకు పరీక్ష!

ఫోన్లో లైసెన్సుల ఆఫీసు కుర్రవాడు ఎంతో మర్యాదగా ఒక సలహా కూడా ఇచ్చాడు.

"ఈ వయసులో మీకు పరీక్ష ఎందుకండీ? చిన్న లైసెన్సు తీసుకోండి. దానికి పరీక్షే ఉండదు. ఇంటి చుట్టూ పది కిలోమీటర్లు హాయిగా తిరగొచ్చు."

"మా ఆయన అరవై నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాడు బాబూ."

"మరి ఆయన్నే రమ్మనొచ్చు కదండీ?"

ఫోను పెట్టేశాను. పెట్టేశాక ఓ పావుగంట సేపు ఆ ఫోన్ని తిట్టాను.

మా ఆయన డెస్ మెరాంగ్ ఆసుపత్రిలో ఉన్నాడు. మతిమరుపు ముదిరినవాళ్ళని ఉంచే వార్డు మా ఊళ్ళో లేదు. ఉన్న వృద్ధాశ్రమంలో పడుకోబెట్టి చూస్తారు గానీ, తలుపు తీసుకుని గొర్రెల షెడ్డుకి బయల్దేరేవాళ్ళని పట్టుకునే దిక్కు లేదు. అందుకని మూడేళ్ళ క్రితం అక్కడికి చేర్చాం. అక్కడ ఎవరు పెట్టినా డెస్ తినడు. పళ్ళు బిగబట్టి గోడవైపు తిరుగుతాడు. నేను పెడితే తింటాడు, మెర్వ్ పెడితే తింటాడు. మిగతా రోజుల్లో ఏదో పాలలాంటిది గ్లాసులో పోసి బతిమాలి తాగిస్తారు. పోయిన చలికాలం నాకు నిమోనియా వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. మెర్వ్‌కి కూడా అప్పుడే నడుం పట్టేసింది. ఆ మూడు వారాల్లో డెస్ తొమ్మిది కిలోలు తగ్గాడు. అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇంకోసారి ఇలా అయితే ఈయన తట్టుకోలేరండీ," అంది. ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

మెర్వ్, డెస్ ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడి నలభై ఏళ్ళు ఉన్ని కత్తిరించారు. ఇద్దరూ రోజల్లా తిట్టుకునేవాళ్ళు, సాయంత్రం ఒకే సీసాలోంచి తాగేవాళ్ళు. రిటైరయ్యాక మెర్వ్ ఊరి మినీబస్సు నడపడం మొదలుపెట్టాడు, జీతం లేకుండా. ప్రతి మంగళవారం ఏడుగురు ముసలాళ్ళని మెరాంగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. గురు, ఆదివారాలు నేను నా కారులో వెళ్ళేదాన్ని. చాలాసార్లు మెర్వ్ కూడా నా పక్కన ఎక్కి కూర్చుని, దారి పొడుగునా నా డ్రైవింగుకి వంకలు పెట్టేవాడు.

ఇప్పుడు మెర్వ్ పోయాడు. బస్సు నడిపే రెండో మనిషి ఐవర్ క్విల్టీ కంటి పొరల మూలంగా జూన్‌లోనే లైసెన్సు తిరిగిచ్చేశాడు. మూడో మనిషి లేడు. డ్రైవరు కావాలని చీటీ అంటించారు, పోస్టాఫీసు గోడకి. దాని కింద ఎవరో "యాభై లోపు వాళ్ళు ఎవరైనా కనిపిస్తే పట్టుకుని కట్టేయండి" అని రాశారు. బస్సు పంచాయతీ ఆఫీసు వెనక గాలి పోయిన టైరుతో నిలబడింది. అంటే డెస్‌కి ముద్ద అందాలంటే మిగిలింది నా కారు ఒక్కటే.

ఇదంతా నోరీన్‌కి తెలుసు. నోరీన్ మెర్వ్ భార్య, నాకు అరవై ఏళ్ళ స్నేహితురాలు. ఆదివారం వాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. అప్పటికే బల్ల మీద ఊళ్ళోవాళ్ళు తెచ్చిన కేకులు ఎనిమిది, ఫ్రిజ్‌లో పట్టని మాంసం కూరలు మూడు. నోరీన్ వాటిని చూస్తూ కూర్చుంది.

"నువ్వు నా పక్కన కూర్చోవాలే," అంది. "మాకు పిల్లా జెల్లా లేరు. ముందు వరసలో నేనొక్కదాన్నే కూర్చుంటే ఏం బావుంటుంది?"

అప్పుడు చెప్పాను. చెప్పక తప్పుతుందా?

"శుక్రవారానికి మార్చవే," అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఫాదర్ శుక్రవారం వేరే ఊళ్ళో ఉంటాడు. మళ్ళీ గురువారమే. అప్పటిదాకా మెర్వ్‌ని ఏం చెయ్యమంటావ్? నా ఫ్రిజ్‌లో చోటు లేదు."

ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలోనే నోరీన్ మొహం మారిపోయింది.

"నీ పరీక్షే మార్చుకోరాదూ?"

"అడిగానే. ఇంకో ఆరు వారాలకి గానీ రారట. అప్పటికి లైసెన్సు పోయి నెల దాటుతుంది. నెలన్నర డెస్ ఏం తింటాడు?"

"అందరికీ డెస్ గొడవే," అంది నోరీన్. గొంతు పెంచలేదు. "బతికున్నన్నాళ్ళూ మెర్వ్‌కి డెస్ గొడవే. నడుం నొప్పితో మూలుగుతూ కూడా, డెస్ తిన్నాడో లేదో అని. చచ్చాక ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట మెర్వ్‌కి ఇవ్వలేవా?"

నాకు ఒళ్ళు మండింది. సిగ్గు కూడా వేసింది. రెండూ కలిసి నోట్లోంచి పిచ్చిమాట వచ్చింది. "చచ్చినవాడికి ఆకలెయ్యదుగా," అన్నాను.

నోరీన్ లేచి ఒక కేకుకి మూత పెట్టింది. ఆ మూత సరిపోలేదు. అయినా నొక్కుతూనే నిలబడింది. నేను నా సంచీ తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కారు అద్దాలు తుడిచిందే తుడిచాను. కుర్చీలో కూర్చుని మెడ కుడికీ ఎడమకీ తిప్పడం సాధన చేశాను. భుజం మీదుగా వెనక్కి చూడకపోతే మార్కులు తీసేస్తారని ఐవర్ చెప్పాడు. నా మెడ కుడివైపు తిరుగుతుంది గానీ, ఎడమవైపు తిరగమంటే నడుంతో సహా రావాల్సిందే. ఇంకో దురలవాటు కూడా మానుకోవాలి. మా దారుల్లో ఎవరి బండి ఎదురొచ్చినా స్టీరింగు మీంచి చూపుడు వేలు పైకెత్తుతాం. పలకరింపన్న మాట. తెలిసినవాడైనా, తెలియనివాడైనా, పడనివాడైనా సరే. ఆ వేలెత్తితే చెయ్యి సరిగ్గా పట్టుకోలేదని రాస్తారట. వంటింట్లో అప్పడాల కర్ర పట్టుకుని, వేలు లేవకుండా అలవాటు చేసుకున్నాను. ఎనభై అయిదేళ్ళ మనిషి చేసే పనేనా ఇది?

దారి కూడా లెక్క వేసుకున్నాను. పరీక్ష ముప్పావు గంట. పంచాయతీ ఆఫీసు దగ్గర మొదలై బడి మీదుగా, గోధుమ గోదాముల వెనక నుంచి తిరిగి వస్తుంది. చర్చిలో ప్రార్థన కనీసం గంటన్నర పడుతుంది. ఫాదర్ కెల్లహర్ నోరు విప్పితే ఆపడం కష్టం. పైగా మెర్వ్ గురించి మాట్లాడేవాళ్ళు పదిమంది ఉంటారు. శవపేటికతో బండి చర్చి గేటు దాటేది పదకొండున్నరకి. నేను పదకొండుంబావుకే పరీక్ష ముగించుకుని, మెయిన్ వీధిలో కారు పక్కకి తీసి, దిగి నిలబడొచ్చు. మా ఊళ్ళో శవం ఎదురొస్తే ఎవరూ కదలరు. బండి పక్కకి లాగి, ఇంజను ఆపి, టోపీ తీసి, చివరి కారు దాటేదాకా అలాగే ఉంటారు. బయటినుంచి వచ్చిన లారీవాళ్ళు కూడా మమ్మల్ని చూసి ఆగుతారు. నేను చర్చిలో లేకపోయినా వీధిలో ఉంటాను, మెర్వ్‌ని దాటనిస్తాను అనుకున్నాను. అంత మాత్రం మనసుకి సర్ది చెప్పుకున్నాను.

గురువారం పొద్దున అయిదింటికే లేచి గుడ్ల శాండ్‌విచ్‌లు అరవై చేశాను. అంత్యక్రియల తర్వాత హాల్లో టీకి పెట్టేవి. ఈ నెల గుడ్లు నా వంతు. హాలు తలుపు దగ్గర ఐవర్ టీ కప్పులు సర్దుతున్నాడు. పళ్ళేలు నా చేతుల్లోంచి అందుకుంటూ, "పాసయితే మొదట నన్ను పబ్బుకి తీసుకెళ్ళు, ఫెయిలయితే నా పక్క గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్," అన్నాడు. ఐవర్ ఉండేది వృద్ధాశ్రమంలో.

"నోరు మూసుకుని కప్పులు లెక్కపెట్టుకో," అన్నాను.

అధికారి పేరు షబ్నం నూరీ. ముప్పై అయిదేళ్ళుంటాయి. తలకి నీలం గుడ్డ చుట్టుకుంది, చేతిలో పలకంత ఫోను. నవ్వు మొహమే గానీ, కారెక్కగానే ఆ నవ్వు మడిచి లోపల పెట్టేసింది.

"మిసెస్ పాస్కో, నేను కుడి, ఎడమ చెప్తాను. చెప్పకపోతే తిన్నగా వెళ్ళండి. కంగారు పడకండి."

"నాకేం కంగారమ్మాయ్," అన్నాను. స్టీరింగు చెమటకి జారుతోంది.

బడి దగ్గర నలభైకి తగ్గించాను. గోదాముల దగ్గర మూడు మలుపుల్లో బండి వెనక్కి తిప్పాను. అదేమంత పెద్ద పని కాదు, ఉన్ని షెడ్ల దగ్గర బురదలో ట్రాలీ తగిలించి మరీ తిప్పేదాన్ని. ఎడమవైపు చూడాల్సిన చోట నడుంతో సహా తిరిగాను. ఎముకలు కలుక్కుమన్న చప్పుడు ఆవిడక్కూడా వినపడి ఉంటుంది. ఫోన్లో ఏదో టిక్కు పెట్టుకుంది. ఎదురుగా పాల వ్యాను వచ్చింది. నా వేలు దానంతటదే లేవబోయింది, బొటనవేలితో నొక్కిపట్టాను. వ్యాను డ్రైవరు వేలెత్తి, నేను ఎత్తకపోయేసరికి వింతగా చూస్తూ పోయాడు.

"ఇప్పుడు ఎడమకి తిరగండి," అంది షబ్నం. "మెయిన్ వీధిలోకి."

గడియారం చూశాను. పదకొండు కూడా కాలేదు. భయం లేదు అనుకున్నాను.

తిరిగాను. తిరిగాక చూస్తే వీధంతా ఆగిపోయి ఉంది.

రెండు వైపులా కార్లు పక్కకి తీసి ఉన్నాయి. రొట్టెల కొట్టు ముందు వియత్నాం ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. బ్యాంకు వ్యాను దగ్గర వరసలో ఉన్న ముసలాళ్ళు టోపీలు తీసి గుండెకి ఆనించుకున్నారు. ఒకతను వాకరు పట్టుకుని లేచి నిలబడే ప్రయత్నంలో ఉన్నాడు. వీధి ఆ చివరినుంచి నల్లటి పొడుగు బండి, నడిచేవాళ్ళ వేగంతో వస్తోంది. ఫాదర్‌కి ఒంటిగంటకి ఇంకో ఊళ్ళో ఇంకో శవం ఉందని, ఎనిమిది నిమిషాల్లో ప్రసంగం ముగించి ప్రార్థన కుదించేశాడని నాకు తర్వాత తెలిసింది.

కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్ళింది. ఎడమ పక్కన చూశాను. రోడ్డు అంచున పసుపు గీత. పోస్టాఫీసు ముందు ఆ గీత పొడుగునా ఎవరూ బండి ఆపకూడదు. ఆపితే తప్పు. పరీక్షలో ఆపకూడని చోట ఆపితే, ఇక అంతే, ఇంటికి పొమ్మంటారని ఐవర్ చెప్పాడు. మామూలు రోజయితే ఆ గీత మీద గుర్రబ్బండి నిలబెట్టినా అడిగేవాడు లేడు. ఇవాళ నా పక్కన ఫోను పట్టుకుని ఈ అమ్మాయి ఉంది.

"మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగింది షబ్నం, మెల్లగా.

తెలిసినవాళ్ళంటే మనసు చెదిరి ఉందని రాస్తుందేమో, బండి నడిపే స్థితిలో లేదంటుందేమో. డెస్ పళ్ళు బిగబట్టి గోడవైపు తిరగడం కళ్ళ ముందు కనపడింది.

"కాదు," అన్నాను.

కాలు బ్రేకు మీంచి తీసేశాను.

ఆ వీధిలో కదులుతున్నవి రెండే బళ్ళు. మెర్వ్ బండి ఇటు, నా బండి అటు. మా ఊళ్ళో నా ఎనభై అయిదేళ్ళలో ఎవరూ చేయని పని నేను చేస్తున్నాను. అందరూ చూస్తున్నారు, తల తిప్పకుండానే నాకు తెలుస్తోంది. అద్దాల వెనక పేటిక కనిపించింది. దాని మీద పూలు లేవు, మెర్వ్ ఉన్ని కత్తెరలూ, బస్సు నడిపేటప్పుడు పెట్టుకునే చిరుగుల టోపీ ఉన్నాయి. వెనకే మొదటి కారు. దాన్ని నడుపుతున్నది రోజలీ, నోరీన్ ఇంట్లో వెనక గదిలో అద్దెకుండే ఫిలిప్పీన్స్ నర్సు. ఆ పిల్ల పక్కన నోరీన్. మా రెండు కార్ల మధ్య చేయి చాపితే అందేంత దూరం. నోరీన్ నావైపే చూసింది. నేను రోడ్డు చూశాను. వేలు కూడా ఎత్తలేదు.

వాళ్ళ వెనక పేటిక మోసిన నలుగురు మాంసం ఫ్యాక్టరీ కుర్రాళ్ళ కారు. మా ఊళ్ళో పేటిక మోయగలిగే భుజాలు ఇంకెవరికీ లేవు. ఆ వెనక ఇరవై, ముప్పై కార్లు, అన్నిట్లోనూ తెల్లటి తలలు. ఒక్కొక్కటీ నన్ను దాటింది. ఆ వీధి పొడుగు మూడు వందల మీటర్లు. నా జన్మలో అంత పొడుగు దారి నేను నడపలేదు.

పంచాయతీ ఆఫీసు ముందు కారు ఆపాను. చేతులు స్టీరింగు మీంచి రాలేదు. షబ్నం ఫోన్లో ఏదో రాసుకుని, నావైపు తిరిగింది. మడిచి దాచిన నవ్వు మళ్ళీ బయటికి తీసింది.

"పాసయ్యారు మిసెస్ పాస్కో. రెండేళ్ళ దాకా బెంగలేదు."

"సంతోషం," అన్నాను. నిజంగానే ఒళ్ళంతా తేలికయింది. ఒక్క నిమిషమే.

"ఒకటి అడగనా? అక్కడ కార్లన్నీ ఎందుకలా ఆగిపోయాయి?"

"మా ఊరి పద్ధతి. చివరి కారు వెళ్ళేదాకా ఆగుతాం."

"మరి మీరు ఆగలేదే?"

"పసుపు గీత ఉంది కదా."

"అయ్యో, దానికా?" అంది. "శవం వస్తుంటే నెమ్మదిగా పక్కకి తీసి ఆగితే ఎవరైనా తప్పు రాస్తారా? మా నాన్న అంత్యక్రియలు పోయినేడే అయ్యాయి. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆగారు, అది నేనిప్పటికీ మర్చిపోలేదు. మీరు ఆగి ఉంటే నేనూ తల వంచుకుని కూర్చునేదాన్ని. ఒక్కమాట అడగాల్సింది మీరు."

ఒక్కమాట అడగాల్సింది. నోరు పెట్టుకుని ఊరంతటినీ తిట్టే ఊనా పాస్కోకి ఆ ఒక్కమాట నోట రాలేదు. ఎవరో తెలియదని చెప్పడానికి మాత్రం వచ్చింది. అరవై ఏళ్ళు నా చేతి అన్నం తిన్న మనిషిని, నా మొగుడి నోటికి ముద్ద అందించిన మనిషిని, ఎవరో తెలియదన్నాను. ఏ అవసరమూ లేకుండా అన్నాను. షబ్నం దిగి వెళ్ళాక తల స్టీరింగుకి కొట్టుకున్నాను. హారను మోగింది. పక్కన పోతున్న ముసలాయన ఉలిక్కిపడి నన్ను తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను.

శ్మశానానికి వెళ్ళే మొహం లేదు. హాలుకి వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంకా పెద్ద తప్పు. వంటగదిలో ఏప్రాను కట్టుకుని కెటిల్లో నీళ్ళు పోస్తుంటే జనం రావడం మొదలైంది. మామూలుగా ఆ హాల్లో చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్ళు కూడా గోల భరించలేక తీసేస్తారు. ఇవాళ నేను పళ్ళెం పట్టుకుని వెళ్ళిన చోటల్లా మాటలు ఆగిపోయాయి. నా శాండ్‌విచ్‌లు మాత్రం తిన్నారు, వాటితో వాళ్ళకేం పేచీ లేదు.

ఐవర్ నోరు ఆగలేదు. "ఊనా, నీ బండికి బ్రేకులు పోయాయా?" అన్నాడు, అందరికీ వినపడేలా.

కొంతమంది నవ్వారు. ఇంకొంతమంది నవ్వలేదు, అది ఇంకా ఎక్కువ తగిలింది. చెప్పొచ్చు. డెస్ గురించి చెప్పొచ్చు, పసుపు గీత గురించి చెప్పొచ్చు. చెబితే, గీత ఉన్నా ఆగొచ్చట అన్నది కూడా చెప్పాలి. పళ్ళెం పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

నోరీన్ నల్ల కోటులో కుర్చీలో కూర్చుని ఉంది, చేతిలో చల్లారిపోయిన టీ. రోజలీ ఆమె భుజం మీద చేయి వేసి నిలబడింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నోరీన్."

తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా లేవు. ఏడ్చినట్టు లేదు, నిద్రపోయినట్టూ లేదు.

"పాసయ్యావా?"

"అయ్యాను."

"సరే," అంది. చేతిలో టీ కప్పు నాకు అందించింది, తీసుకెళ్ళమన్నట్టు. తర్వాత పక్కకి తిరిగి రోజలీతో మందుల గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ కప్పు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను. అక్కడ నిలబడలేకపోయాను, బయటికి వెళ్ళలేకపోయాను. చివరికి మూడున్నరకి వెనక తలుపు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెరాంగ్ బయల్దేరాను.

అరవై నాలుగు కిలోమీటర్లూ కోసేసిన గోధుమ చేలే. పక్క సీటు ఖాళీగా ఉంది. "గేరు మార్చు, ఇంజను ఏడుస్తోంది," అనేవాడు లేడు. డెస్‌కి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. చెప్పాలి కదా. అడుగుతాడు, వెళ్ళిన ప్రతిసారీ అడుగుతాడు. నా పేరు మర్చిపోయిన రోజులున్నాయి గానీ మెర్వ్ పేరు మర్చిపోయిన రోజు లేదు. "డెస్, మెర్వ్ పోయాడు," అని గట్టిగా పైకి అని చూశాను. మూడుసార్లు అన్నాను. మూడోసారికి కళ్ళు మసకబారి, కారు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. అక్కడ ఏ గీతా లేదు. చాలాసేపు ఆగాను.

వార్డులో రాత్రి భోజనం అయిదింటికే పెట్టేస్తారు. డెస్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, ముందు ట్రేలో మెత్తగా చేసిన గుమ్మడికాయ, మాంసం, గిన్నెలో కస్టర్డు. ఎవరో ప్రయత్నించి వదిలేసినట్టు గడ్డం మీద గుమ్మడికాయ మరక ఉంది. తుడిచాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా వెనక గుమ్మంవైపు చూశాడు.

"మెర్వ్ ఏడీ?"

కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"ఇవాళ మెయిన్ వీధిలో ఎదురొచ్చాడు," అన్నాను.

"మరి ఆగావా?"

అబద్ధం ఆడొచ్చు. పొద్దున ఒకటి ఆడాను, ఇంకోటి ఆడితే ఏం పోయింది? ఆ కళ్ళలోకి చూస్తూ ఆడలేకపోయాను.

"లేదు డెస్. ఆగలేదు."

"ఎందుకని?"

"నీ దగ్గరికి రావాలి కదా అని. నువ్వు తినవు కదా అని."

డెస్ ఆలోచించాడు. ఈ మధ్య ఏ సంగతయినా ఆయన లోపల ఎక్కడో దూరాన్నించి నడిచి రావాలి. గుమ్మడికాయ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మంచి పని చేశావు," అన్నాడు. "వాడి కోసం ఆగితే కబుర్లు పెట్టి కదలనివ్వడు. ఏమీ అనుకోడులే."

నోరు తెరిచాడు. చెంచాతో గుమ్మడికాయ తీసి నోట్లో పెట్టాను.